పాత ఫైబర్ బోటుకు ట్రాన్సమ్ మార్పు: ఏ అతుకుకు ఏ జిగురు ఎంచుకున్నాం, ఎందుకు

ఈ కేసులోని పడవ 19 అడుగుల పాత ఫైబర్ బోటు. పాలిస్టర్ రెజిన్ (ద్రవంగా పూస్తే గట్టిపడే ప్లాస్టిక్), గ్లాస్ మ్యాట్ (గాజు పీచు ముక్కల చాప), రోవింగ్ (గాజు పీచుతో నేసిన మందపు గుడ్డ) పొరలతో చేత్తో పరిచి కట్టినది. అమరం వైపు 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను బిగించి, భీమిలి తీరం వెంబడి వలలు వేయడానికీ, సెలవు రోజుల్లో గాలం వేటకు వచ్చేవారిని తీసుకువెళ్లడానికీ యజమాని దీన్ని వాడుతున్నారు. ఇంజను బరువంతా మోసే వెనక పలకను, అంటే ట్రాన్సమ్‌ను, ఆయన ఇంతకుముందే ఒకసారి వేరేచోట మార్పించారు. ఆ మరమ్మతు కొన్ని వేట కాలాలకే వదులైంది. ఇంజను వేగం పెంచినప్పుడల్లా పలక పైఅంచు కొద్దిగా వెనక్కి వంగడం, బిగింపు బోల్టుల చుట్టూ జెల్‌కోట్ (ఫైబర్ మీది నునుపైన రంగు పొర) మీద సన్నని పగుళ్లు రావడం, ఇంజను ఆపాక బోల్టు కన్నాల్లోంచి గోధుమరంగు నీరు కారడం ఆయన స్వయంగా గమనించారు.

పడవను చూపించిన రోజున ఆయన అడిగింది ఒక్కటే: "గట్టి జిగురు ఏదో ఒకటి చెప్పండి మేస్త్రి గారూ, విశాఖలో దొరక్కపోతే చెన్నై నుంచైనా తెప్పిస్తాను." ఈ పనిలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న కూడా ఇదే. కాని ట్రాన్సమ్‌లో ఉన్నది ఒక అతుకు కాదు. ప్లైవుడ్ షీటుకూ షీటుకూ మధ్య ఒక అతుకు, ప్లైవుడ్‌కూ బయటి ఫైబర్ పొరకూ మధ్య మరొకటి, పలక అంచుకూ పడవ పక్కలకూ అడుగుకూ మధ్య ఇంకొకటి, వీటి మీద వేసే కొత్త గ్లాస్ పొరల పట్టు వేరొకటి, చివరికి బోల్టుల చుట్టూ నీటిని ఆపే అతుకు పూర్తిగా మరో జాతిది. వీటిలో ప్రతిదానికీ సందు మందం వేరు, లాగే బలం వేరు, గాలి తగిలే తీరు వేరు. ఇవి చూడకుండా డబ్బా మీది బలం అంకెను బట్టి జిగురు కొంటే, ఒక అతుకుకు అది బాగానే పనిచేసి పక్క అతుకులో విఫలమవుతుంది. ఈ పడవలో మొదటి మరమ్మతుకు జరిగింది అదే.

విప్పి చూసినప్పుడు కనిపించినది

విప్పకముందు చిన్న సుత్తితో పలకంతా తట్టి చూశాం. పైభాగంలో ధ్వని బిగువుగానే ఉంది. నీరు వదిలే కన్నం చుట్టూ, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ పరికరం కోసం స్క్రూలు దిగగొట్టినచోట మందంగా వినిపించింది. ఆ చోట్ల లోపలి వైపు నుంచి 6 మి.మీ. డ్రిల్‌తో బయటి పొర తగలకుండా కన్నాలు వేస్తే, పైన లేత రంగు పొడి పొట్టు వచ్చింది గాని, కింద మాత్రం డ్రిల్ బిట్‌కు నల్లటి తడి పొట్టు చుట్టుకుని పుల్లని వాసన వేసింది. సుత్తి ధ్వనిని ఒక్కొక్కరు ఒక్కో రకంగా అర్థం చేసుకోవచ్చు కాని పొట్టు విషయంలో అనుమానానికి చోటు లేదు. అందుకే పలక మార్చాలా వద్దా అన్న నిర్ణయం ఎప్పుడూ డ్రిల్ పొట్టును చూశాకే తీసుకుంటాను.

బయటి పొర ఆకారం చెడకుండా ఉండాలని లోపలి వైపు నుంచే కోశాం. లోపలి ఫైబర్ పొర మందం 5 మి.మీ. కనుక, తరువాత కొత్త పొరలను ఒకటికి పన్నెండు వాలులో (మందానికి పన్నెండు రెట్ల వెడల్పున) కలపడానికి చుట్టూ కనీసం 60 మి.మీ. పట్టీ మిగిల్చి గ్రైండర్‌తో కోశాం. ప్లైవుడ్ కింది సగం చేత్తోనే ఊడివచ్చింది. పై సగం ఇంకా గట్టిగా ఉంది, ఉలితో కొట్టి తీయవలసి వచ్చింది.

అసలు కారణం అక్కడే దొరికింది. పాత మరమ్మతులో షీట్లను ఒకదానికొకటి వడ్రంగి పనికి వాడే తెల్ల జిగురుతో అతికించి, ఆ దిమ్మెను బయటి పొరకు పాలిస్టర్ పుట్టీతో అంటించారు. ప్లైవుడ్ గట్టిగానే ఉన్న పై భాగంలో కూడా ఉలి మొన దూర్చి కొద్దిగా ఎత్తితే చాలు, దిమ్మె పుట్టీ నుంచి ఒక్కసారిగా విడిపోయింది. బయటి పొరకు అంటుకుని మిగిలిన పుట్టీ మీద చెక్క రేఖల అచ్చు గీత గీతగా స్పష్టంగా ఉంది; కాని ఆ అచ్చులో ఒక్క చెక్క పీచు కూడా లేదు. బాగా పట్టిన అతుకును విరిచినప్పుడు చెక్కే చిరిగి, దాని పీచులు జిగురు మీద మిగలాలి. ఇక్కడ పుట్టీ చెక్క ఆకారాన్ని పట్టుకుంది తప్ప చెక్కను పట్టుకోలేదు. నీరు చేరకముందే ఆ అతుకు చాలావరకు పోయిందనీ, నీరు తరువాత ఆ ఖాళీ దారి వెంట పలకంతా పాకిందనీ దీన్ని బట్టి చెప్పవచ్చు.

షీట్ల మధ్య తెల్ల జిగురు కథ వేరు. తడిసినచోట అది మెత్తబడి పాలరంగుకు తిరిగింది. తడవని చోట గట్టిగానే ఉన్నా, అంచు దగ్గర ఒక షీటు మరొకదాని మీద సన్నగా జరిగిన గుర్తు ఉంది. ఈ పడవ ట్రాన్సమ్ పూర్తిగా చదునైనది కాదు, అడ్డంగా కొద్దిపాటి వంపు ఉంది. ఆ వంపుకు లొంగదీసి బిగించిన ప్లైవుడ్ ఎప్పటికీ తిరిగి చదునవ్వాలనే చూస్తుంది. అలా ఆగకుండా లాగే బలం కింద తెల్ల జిగురు నెమ్మదిగా సాగిపోతుంది. వంటగది అలమరలో ఈ గుణం ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది. వంపు తిరిగిన ట్రాన్సమ్‌లో గడవదు.

అతుకు మీద పడే బలాలు

జిగురు ఎంపికకు ముందు, ఈ పలకను ఏది ఎటు లాగుతుందో ఒకసారి ఆలోచించాలి. ప్రొపెల్లర్ నీటి అడుగున ముందుకు తోస్తుంది కనుక ఇంజను బ్రాకెట్ కింది భాగం పలకను లోపలికి నొక్కుతుంది, పై బోల్టులు పలకను వెనక్కి లాగుతాయి. రివర్సు వేసినా, ఒడ్డుకు వచ్చేటప్పుడు ఇంజను తోక ఇసుకకు తగిలినా ఇదంతా తారుమారవుతుంది. మన తీరంలో చాలాచోట్ల జెట్టీ ఉండదు. అలల మీదుగా పడవను ఇసుక మీదికే ఎక్కించాలి కనుక ఈ ఎదురు దెబ్బలు రోజువారీ వ్యవహారం. దీనికి తోడు 70 కిలోలకు పైబడిన ఇంజను ప్రతి అలకూ ఎగిరి పడుతుంది. కాబట్టి ఇక్కడ జిగురుకు కావలసింది ఒక్కసారి లాగితే తట్టుకునే బలం మాత్రమే కాదు; ఇటూ అటూ పదే పదే వంగినా పగలని సాగుడు గుణం, చెక్కనూ పాత ఫైబర్‌నూ సమానంగా పట్టే స్వభావం కూడా.

ఆలోచించి పక్కన పెట్టినవి

పాలిస్టర్ రెజిన్‌ను తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. పడవ అచ్చులో ఉండగా, పొరలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే ప్లైవుడ్‌ను అందులో కూర్చిన ట్రాన్సమ్‌లు, నీరు దూరనంత కాలం ఇరవై ఏళ్లకు పైగా నిలిచినవి చాలా ఉన్నాయి. తాజా పాలిస్టర్ పొర మీద తాజా పాలిస్టర్ పొర రసాయనికంగా కలిసిపోతుంది. మరమ్మతులో పరిస్థితి అది కాదు. ఏళ్ల క్రితం పూర్తిగా గట్టిపడిన ఫైబర్ మీద కొత్త రెజిన్‌కు గీకిన గరుకు మీద దొరికే పట్టు తప్ప వేరే ఆధారం లేదు. పైగా పాలిస్టర్ గట్టిపడేటప్పుడు పరిమాణంలో సుమారు 7 శాతం కుంచించుకుపోతుంది. అంటే సందు ఎంత మందంగా ఉంటే అతుకులో అంత ఒత్తిడి పుట్టినప్పుడే నిలిచిపోతుంది. మామూలు జీపీ (సాధారణ వాడకపు) పాలిస్టర్ రెజిన్ సుమారు 2 శాతం సాగేసరికి పగులుతుంది. చెక్కకూ ఫైబర్‌కూ మధ్య రెండు మూడు మి.మీ. సందు నింపడానికి ఇన్ని బలహీనతలున్న పదార్థాన్ని ఎంచుకోవడం సరికాదు.

వినైల్ ఎస్టర్ అనే మరో రెజిన్ పాత ఫైబర్ మీద పాలిస్టర్ కంటే మెరుగ్గా పడుతుంది, నీటిని బాగా ఆపుతుంది. పూర్తిగా ఫైబర్‌కు ఫైబర్ అతికే పని అయితే దాన్ని సంతోషంగా వాడతాను. చెక్క విషయంలో దాని మీద నాకు అంత నమ్మకం లేదు. పైగా అది కొన్ని నెలలే నిలవుంటుంది, ఆ గడువు కూడా మన ఎండలకు ఇంకా తగ్గుతుంది.

రిసార్సినాల్ జిగురు 1940ల నుంచి చెక్క పడవలకు వాడుకలో ఉన్నది, నీటిలో నిలిచే తీరులో దానికి సాటి వచ్చేవి తక్కువ. కాని సందు అన్నదే లేకుండా రెండు చదును చెక్కలను గట్టి ఒత్తిడితో బిగించగలిగినప్పుడే అది పనిచేస్తుంది. వంపు తిరిగిన ట్రాన్సమ్‌లో, అదీ పడవలోనే నిలబెట్టి బిగించేటప్పుడు, అంత ఒత్తిడి సమానంగా ఇవ్వడం కుదరని పని.

పాలియురేథేన్ సీలెంట్ (సందుల్లో నీటిని ఆపే రబ్బరులాంటి పూత) గురించి కొంచెం ఆగి చెప్పాలి. త్రీఎమ్ 5200, సికాఫ్లెక్స్ 291 వంటి గొట్టాలు పడవల వాళ్లందరికీ పరిచయమే. అవి పట్టిన చోట వదలవు కనుక, షీట్ల మధ్య కూడా అదే పూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈ యజమాని కూడా అదే అడిగారు. ఇవి గాలిలోని తేమతో గట్టిపడే పదార్థాలు, బయటి అంచు నుంచి లోపలికి రోజుకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడతాయి, లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా నెమ్మదిస్తాయి. ఈ పలక వెడల్పు సుమారు 1.5 మీటర్లు, ఎత్తు 55 సెంటీమీటర్లు. మధ్యభాగం ఏ అంచు నుంచి చూసినా కనీసం 27 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. ప్లైవుడ్‌లో ఉండే తేమ కొంత అక్కరకు వస్తుంది గాని, మనమే ప్లైవుడ్‌ను రెజిన్‌తో మూసివేస్తాం కనుక ఆ దారి కూడా మూసుకుపోతుంది. అంచులు గట్టిపడి మధ్యలో జిగటగా మిగిలిన పలకకు ఇంజను తగిలించే పరిస్థితి అది. ఒకవేళ పూర్తిగా గట్టిపడినా అది రబ్బరు గుణం గలది. మూడు షీట్లు ఒకే దిమ్మెలా పనిచేయాలంటే వాటి మధ్య జిగురు బిగుసుకుని ఉండాలి. రబ్బరు ఉంటే ఒక్కో షీటూ విడిగా వంగుతుంది, పలక బిగువు చాలావరకు పోతుంది.

మిథాక్రిలేట్ జిగుర్లు ఫైబర్‌ను అద్భుతంగా పట్టుకుంటాయి, పడవల ఫ్యాక్టరీల్లో వాటికి మంచి స్థానం ఉంది. చేతిపనిలో, మే నెల ఎండలో, ముప్పావు చదరపు మీటరుకు పైబడిన పలకకు పూసి సర్దేంత వ్యవధి అవి ఇవ్వవు. పై నుంచి పోసి నింపే రెడీమేడ్ ట్రాన్సమ్ మిశ్రమాలు కూడా విదేశాల్లో వాడుకలో ఉన్నాయి. అవి లోపలి, బయటి పొరలు రెండూ గట్టిగా ఉన్నచోటికి తగినవి. ఇక్కడ లోపలి పొరను ఎలాగూ కోశాం.

ముక్కల మీద పరీక్ష

మిగిలింది ఎపాక్సీ, అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు. అయినా యజమాని డబ్బు పెట్టేది కంటితో చూశాక పెడితే మంచిదని, కోసిన లోపలి పొర ముక్కలనే తీసుకుని, ఒక వైపు 60 నంబరు ఎమరీతో గీకి, కొత్త ప్లైవుడ్ ముక్కలను తెల్ల జిగురు, పాలిస్టర్ పుట్టీ, పాలియురేథేన్ సీలెంట్, చిక్కబరిచిన ఎపాక్సీలతో విడివిడిగా అతికించాం. వాటిని సముద్రపు నీటి బకెట్లో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ నానబెట్టాక ఉలితో విడదీశాం.

తెల్ల జిగురు ముక్క చేత్తోనే జారింది. సీలెంట్ ముక్క అంచుల్లో గట్టిగా పట్టి, మధ్యలో వేలికి అంటుకునేలా ఉంది. పాలిస్టర్ ముక్క విడదీయడానికి కాస్త బలం పట్టింది గాని, విడిపోయాక చెక్క వైపు శుభ్రంగా కనిపించింది. పాత పలకలో చూసిన అచ్చే మళ్లీ కనిపించింది. ఎపాక్సీ ముక్కలో ప్లైవుడ్ పై పొర చిరిగి ఫైబర్ మీదే ఉండిపోయింది. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, అంకెలు ఇవ్వదు. కాని అతుకు ఎక్కడ విరిగిందన్న ప్రశ్నకు ఇంతకంటే సూటిగా జవాబు ఇచ్చే పద్ధతి మన షెడ్లలో లేదు, ఖర్చు కూడా ఏమీ కాదు.

ఎపాక్సీలో ఏది

ఎపాక్సీ అని నిర్ణయించడంతో ఎంపిక పూర్తికాదు. మన దగ్గర సులభంగా దొరికేవి ఆరల్డైట్ ఎల్‌వై 556 రెజిన్‌తో హెచ్‌వై 951 హార్డెనర్, లేదా లాపాక్స్ ఎల్-12తో కె-6. రెండింటిలోనూ బరువులో సుమారు పదికి ఒకటి పాళ్లు. ఇంజనీరింగ్ కాలేజీల ప్రయోగశాలల నుంచి చిన్న వర్క్‌షాపుల వరకు ఇవే కనిపిస్తాయి, వీటి నాణ్యత మీద నాకు ఫిర్యాదు లేదు. కాని ఈ పనికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. రెజిన్ 25 డిగ్రీల దగ్గర సుమారు 10,000 మిల్లీపాస్కల్ సెకన్ల చిక్కదనంతో ఉంటుంది, ప్లైవుడ్ అంచు రంధ్రాల్లోకి తేలిగ్గా ఇంకదు. ఆ రకం హార్డెనర్ వేగంగా పనిచేస్తుంది. తీరంలోని తేమ గాలిలో దాని మీద జిడ్డు పొర కూడా ఎక్కువగా తేలుతుంది.

ఈ పని జరగవలసిన సమయం వీటిని ఇంకా పెద్దవి చేస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కనుక పడవలన్నీ ఆ రోజుల్లోనే మరమ్మతుకు వస్తాయి. అంటే ఏడాదిలో అత్యంత వేడి, ఉక్కపోత ఉన్న రోజుల్లోనే ఎపాక్సీ కలపాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కలిపిన మిశ్రమం పనికొచ్చే వ్యవధి దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బా మీద 25 డిగ్రీలకు రాసిన అరగంట, 35 డిగ్రీల షెడ్‌లో పావుగంట అవుతుంది. అందుకే చిక్కదనం తక్కువగా ఉండే లామినేటింగ్ ఎపాక్సీని, దానితోపాటు నెమ్మదిగా పనిచేసే హార్డెనర్‌ను తెప్పించాం. ధర పాలిస్టర్‌కు దాదాపు మూడు రెట్లు. అయితే అవసరం ఎంతో లెక్కవేస్తే భయపడేంత కాదు: పలక విస్తీర్ణం 0.8 చదరపు మీటర్లు, బయటి పొరకూ ప్లైవుడ్‌కూ మధ్య సగటు సందు 2 మి.మీ. అనుకుంటే ఆ అతుకుకు పట్టేది 1.6 లీటర్ల ముద్ద. షీట్ల మధ్య అతుకులకు దానిలో చిన్న భాగం చాలు. కూలీ, ప్లైవుడ్, పోయిన వేట రోజులతో పోలిస్తే జిగురు ఖర్చులో మిగిల్చేది ఏమీ లేదు.

పాలిస్టర్‌కు అలవాటు పడిన చేతులకు ఒక విషయం ముందే గట్టిగా చెప్పవలసి ఉంటుంది. పాలిస్టర్‌లో ఎండను బట్టి ఎంఈకేపీ (దాన్ని గట్టిపరిచే ద్రవం) చుక్కలు కొంచెం తగ్గించడం, పెంచడం మామూలే. ఎపాక్సీ హార్డెనర్ అలాంటి ఉత్ప్రేరకం కాదు, రెజిన్‌తో పాళ్ల ప్రకారం కలిసిపోయే రెండో సగం. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే, ఎక్కువైన హార్డెనర్ అతుకులో మెత్తగా మిగిలిపోతుంది. నెమ్మదించాలని తగ్గిస్తే రెజిన్ పచ్చిగా మిగులుతుంది. వేగం మార్చాలంటే హార్డెనర్ రకాన్నే మార్చాలి. కాబట్టి షెడ్‌లో డిజిటల్ కాటా పెట్టి, ప్రతి గిన్నెనూ తూచి కలిపించాను.

పని జరిగిన తీరు

ప్లైవుడ్ ఐఎస్ 710 గుర్తు ఉన్న మెరైన్ రకం, 72 గంటలు ఉడికించే పరీక్షకు నిలిచే బంధం గలది. రెండు 18 మి.మీ. షీట్లకు బదులు మూడు 12 మి.మీ. షీట్లు తీసుకున్నాం. పలుచని షీటు వంపుకు సులభంగా ఒదుగుతుంది, మొదటి షీటు గట్టిపడ్డాక మిగతావి దాని ఆకారాన్నే అనుసరిస్తాయి, తిరిగి చదునయ్యే లాగుడు కూడా తగ్గుతుంది. ఈ రకం ప్లైవుడ్‌కు చెదలు, శిలీంధ్రాలు పట్టకుండా రసాయనాలు ఎక్కిస్తారు కనుక జిగురు పట్టే ముఖాలన్నిటినీ 80 నంబరు ఎమరీతో రుద్ది, తేమ మీటరులో 12 శాతం లోపుకు వచ్చేదాకా రేకుల షెడ్ కింద ఆరబెట్టాం. బయటి పొర లోపలి ముఖాన్ని పాత పుట్టీ ఆనవాలు లేకుండా గ్రైండ్ చేసి, కింది మూలల్లో తేమ పోయేదాకా వేడి దీపాలు పెట్టాం. అసిటోన్ తుడుపు జిడ్డును తీస్తుంది గాని లోపలి తడిని ఆరబెట్టదు. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం చాలాచోట్ల గమనించాను.

ఎపాక్సీ పూసే పని సాయంత్రం మొదలుపెట్టాం. ఉదయం పూస్తే ఎండ పెరిగేకొద్దీ చెక్క రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి, పూసిన పొరలోంచి బుడగలుగా బయటికి వస్తుంది. సాయంత్రం చెక్క చల్లబడుతూ ఉంటుంది కనుక ఆ గాలే రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. అయితే మరీ పొద్దుపోతే తేమ పడుతుంది. కాబట్టి ఎండ తగ్గినప్పటి నుంచి మంచు పడక ముందు వరకు ఉన్న కొద్ది వ్యవధిలోనే ఒక్కో విడత పని ముగించేలా చూసుకున్నాం.

మొదట ఏమీ కలపని పలుచని ఎపాక్సీని ప్లైవుడ్ ముఖానికీ, బయటి పొరకూ బ్రష్‌తో పట్టించాం. నీరు ఎక్కువగా పీల్చేది షీటు అంచులే కనుక వాటికి మళ్లీ మళ్లీ పట్టించాం. ఆ తడి ఆరకముందే చిక్కని ముద్ద. దీనికి ఏరోసిల్ (చిక్కబరిచే సన్నని సిలికా) పొడి, సన్నని గ్లాస్ పీచు కలిపి, గరిటె తిప్పినా జారని ఇడ్లీ పిండిలా చేశాం. ఏరోసిల్ ఒక్కటే వేస్తే జారకుండా ఉంటుంది గాని పెళుసుగా ఉంటుంది. పీచు ఆ పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. మైక్రోబెలూన్ (లోపల బోలుగా ఉండే సన్నని గుండ్ల) పొడిని ఇలాంటి బరువు మోసే అతుకులో వాడకూడదు, అది పైపై నునుపుకు మాత్రమే. ముద్దను పళ్ల గరిటెతో చాళ్లు పడేలా పరిచాం.

మొదటి షీటుకు ముందే 150 మి.మీ. ఎడంతో 5 మి.మీ. కన్నాలు వేసి ఉంచాం. షీటును నొక్కుతుంటే చిక్కుకున్న గాలి ఆ కన్నాల్లోంచి పోయి, ఆ వెంటనే ముద్ద సన్నగా పైకి తేలింది. ఒక కన్నంలో ముద్ద కనిపించకపోతే దాని వెనక ఖాళీ ఉన్నట్టే. ఎడమ వైపు కింది మూలలో రెండు కన్నాలు ఖాళీగా ఉండిపోవడంతో, షీటును వెనక్కి లాగి అక్కడ ముద్ద చేర్చి మళ్లీ అదిమాం. బిగింపు కోసం పాత ఇంజను బోల్టు కన్నాల్లోంచే బోల్టులు వేసి, ప్లాస్టిక్ టేపు చుట్టిన అడ్డ చెక్కలతో పట్టించాం. ఇక్కడ బలం చూపించకూడదు. ఎపాక్సీకి సందులో కొంత పదార్థం మిగలాలి. మరీ బిగిస్తే ముద్దంతా అంచుల్లోంచి బయటికి పోయి అతుకులో జిగురు చాలకుండా పోతుంది.

మర్నాడు షీటు మీద తేలిన జిడ్డు పొరను నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి, ఆరాక ఎమరీ పట్టి, తరువాతి రెండు షీట్లు అదే తీరులో ఎక్కించాం. ఆ జిడ్డు నీటిలో కరిగేది కనుక ముందు కడగాలి. కడగకుండా ఎమరీ పడితే అది గీతల్లోకి ఇంకా లోతుగా రుద్దుకుపోతుంది.

పలక అంచు చుట్టూ పడవ పక్కలతో, అడుగుతో కలిసే మూలకు అదే ముద్దతో 20 మి.మీ. వ్యాసార్ధపు వాలు దిద్దాం. దాని మీద బయాక్సియల్ (రెండు దిశల్లో పీచు ఉన్న) గ్లాస్ గుడ్డ పట్టీలు, ఒకదాని కంటే ఒకటి వెడల్పుగా, చివరి పట్టీ పడవ పక్కల మీదికి 150 మి.మీ. దాకా వచ్చేలా వేశాం. ఇక్కడ కొందరు డబ్బు ఆదా కోసం ప్లైవుడ్‌ను ఎపాక్సీతో అతికి, పై పొరలు మామూలు మ్యాట్‌తో పాలిస్టర్‌లో వేస్తారు. నేను అందుకు ఒప్పుకోలేదు. పాత పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ నమ్మకంగా పట్టదు. ఎపాక్సీ ఉపరితలంలో మిగిలే అమీన్ (హార్డెనర్‌లోని రసాయనం) పాలిస్టర్ గట్టిపడడాన్ని కూడా అడ్డుకుంటుంది. మామూలు చాప్డ్ మ్యాట్‌ను (పీచు ముక్కల చాపను) ఎపాక్సీతో వేయడం కూడా సరికాదు, ఎందుకంటే దాని పీచును పట్టి ఉంచే బైండర్ పాలిస్టర్‌లోని స్టైరీన్‌లో కరిగేలా చేసినది, ఎపాక్సీలో కరగదు. ఒకసారి ఎపాక్సీ మొదలైతే అక్కడి నుంచి పైన అంతా ఎపాక్సీయే. బయట జెల్‌కోట్ బదులు రెండు భాగాలు కలిపి వాడే పాలియురేథేన్ పెయింటు వేశాం.

ఆ పెయింటు రంగు కూడా జిగురుకు సంబంధించినదే. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ సుమారు 50–60 డిగ్రీల మధ్య మెత్తబడడం మొదలుపెడుతుంది. ఒడ్డున ఎండలో నిలిపిన ముదురు రంగు పలక 60 డిగ్రీలు దాటగలదు. యజమాని పడవంతా ముదురు నీలం వేయించాలని అనుకున్నారు; ట్రాన్సమ్ మాత్రం తెల్లగా ఉండాలని ఒప్పించాను. పెయింటుకు ముందు పలకను నల్లటి టార్పాలిన్‌తో గూడారంలా కప్పి ఎండలో ఉంచి, లోపల థర్మామీటరుతో 50 డిగ్రీల దగ్గర నిలిచేలా చూసుకున్నాం. ఇలా కాచడంతో ఎపాక్సీ మెత్తబడే ఉష్ణోగ్రత కొంత పైకి జరుగుతుంది.

కన్నాలు, బోల్టులు

సీలెంట్‌కు అసలు చోటు ఇక్కడ ఉంది. 12 మి.మీ. బోల్టుకు ముందు 20 మి.మీ. కన్నం వేసి, దాన్ని పీచు కలిపిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 12 మి.మీ. కన్నం తిరిగి వేశాం. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు, 4 మి.మీ. ఎపాక్సీ గోడ. సీలెంట్ ఎప్పటికైనా తప్పుకున్నా నీరు ప్లైవుడ్‌ను చేరదు. నీరు వదిలే కన్నానికి కూడా ఇదే పద్ధతి. బోల్టు తల కింద కన్నం నోటికి చిన్న వాలు తీసి సీలెంట్ నింపాం. ఇంజను ఎప్పుడైనా దించవలసి వస్తుంది కనుక శాశ్వతంగా పట్టే రకం కాకుండా, మధ్యస్థంగా పట్టే రకాన్ని ఎంచుకున్నాం. సిలికాన్‌ను మాత్రం ఫైబర్ దరిదాపులకు రానివ్వను. అది వదిలే జిడ్డు మీద తరువాత ఏ రెజిన్, ఏ పెయింటు పట్టదు, ఎంత గీకినా దాని ఆనవాలు సులభంగా పోదు.

ఫిష్ ఫైండర్ పరికరానికి ఈసారి పలకలోకి స్క్రూలు దిగగొట్టలేదు. కోసిన పాత ఫైబర్ ముక్కలను రెండు మూడు కలిపి ఎపాక్సీతో చిన్న దిమ్మె చేసి, దాన్ని ట్రాన్సమ్ బయటి ముఖానికి అతికించి, స్క్రూలు ఆ దిమ్మె మందం దాటకుండా కురచవి వాడాం. పోయినసారి నీరు లోపలికి పోయిన దారుల్లో అది ఒకటి.

నిషేధం ముగిసి పడవ నీటిలోకి దిగాక, ఇంజను పూర్తి వేగంలో ఉండగా పలక పైఅంచుకు ఎదురుగా పక్కల నుంచి దారం కట్టి చూశాం. దారానికీ అంచుకూ మధ్య ఎడంలో కంటికి ఆనే తేడా లేదు. మరుసటి వేట నిషేధంలో పడవ మళ్లీ షెడ్‌కు వచ్చినప్పుడు పలకంతా సుత్తితో తట్టి, మూల వాలుల వెంట గాజు బూతద్దంతో చూశాం. పగుళ్లు లేవు, కింది మూలల ధ్వని పై భాగంతో సమానంగా ఉంది. ఒక పై బోల్టు దగ్గర సీలెంట్ అంచు కాస్త లేచింది. బోల్టు తీసి చూస్తే కన్నం లోపలి ఎపాక్సీ గోడ పొడిగా, చెక్కుచెదరకుండా ఉంది. కొత్త సీలెంట్ పెట్టి బిగించాం. ఇకపై ప్రతి నిషేధ కాలంలో ఆ బోల్టులన్నిటినీ ఒకసారి విప్పి, సీలెంట్ మార్చి, కన్నాల లోపలి గోడలను దీపం వేసి చూడాలని యజమానితో మాట్లాడుకున్నాం.